బోర్డు కాలిపోయిందని చెప్పు

"బోర్డు కాలిపోయిందని చెప్పు, అంతే," అన్నాడు మా ఆయన క్రసిమిర్, ఫోను నా చెవి దగ్గరికి తెస్తూ.

నా చేతులు ఖాళీగా లేవు. కాల్చిన బుంగమిరపకాయలకు తొక్క తీస్తున్నాను. సెప్టెంబరు వస్తే బల్గేరియాలోని మా రూసే ఊళ్లో ప్రతి బాల్కనీ నుంచీ ఇదే పొగ. పచ్చడి సీసాలకెక్కేదాకా మా అత్తగారు గింకాకు తోచదు.

నిన్న క్రసిమిర్ నా కంప్యూటర్ విప్పి, ఆటలు వేగంగా ఆడాలని కొత్త మదర్‌బోర్డు బిగించాడు. అప్పట్నుంచి లైసెన్సు చెల్లదంటూ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు. ముందే చెప్పాను. "మెమరీ పెంచు, డిస్కు మార్చు, ఫరవాలేదు. మదర్‌బోర్డు మారిస్తే మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీ లెక్కలో అది వేరే కంప్యూటర్. దీంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు దానికి చెల్లదు."

"ఎవరు చెప్పారు? మిరపకాయలా?" అని నవ్వాడు.

ఎవరూ చెప్పలేదు, చదివాను. మా అమ్మాయి యోవానా కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడు కొన్నదది. సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఇచ్చారు, లైసెన్సు చీటీ పక్కనే అంటించి ఉండేది. నేను జర్మన్ పంపుసెట్ల వాడకం పుస్తకాలను బల్గేరియన్‌లోకి అనువదించేదాన్ని. సూచనలు చదవడమే నా పని కనుక ఆ లైసెన్సు నిబంధనలనూ చివరిదాకా చదివాను. పొయ్యి మీద చిక్కుళ్లు ఉడుకుతుంటే, దాన్యూబ్ మీద పడవల కూత వింటూ, వంటింటి బల్ల దగ్గర ఒక్క మాట కోసం ఎంతసేపు వెతికేదాన్నో. సరైన మాట దొరికిన రోజు చిక్కుళ్లు మాడినా బాధనిపించేది కాదు. తర్వాత అత్తగారి తుంటి విరిగింది. "అమ్మ లేచి తిరిగేదాకా ఆ పని ఆపు," అన్నాడు క్రసిమిర్. ఆవిడ లేచి తిరిగింది. అప్పటికి బల్ల అతనిదైంది.

బోర్డు దానంతటదే పాడైతే, అలాంటిదే మరొకటి వేసుకోనిస్తారు. అందుకే ఈ అబద్ధం. అతనికి జ్వరమని ఆఫీసుకూ, ఊళ్లో లేడని మేనత్తకూ ఇన్నేళ్లూ చెప్పింది నేనే. "నీ గొంతు వింటే ఎవరైనా నమ్ముతారు," అంటాడు మెచ్చుకోలుగా.

"పాత బోర్డు పాడైందాండీ?" ఫోనులో సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయి అడిగింది.

"కాలిపోయింది," పెదవులు కదిపాడతను.

"చెప్పెయ్యవే, నీ సొమ్మేం పోయింది?" లోపల్నుంచి అత్తగారు.

పాత బోర్డు సీసాల పక్కన వార్తాపత్రిక మీద పడి ఉంది.

"లేదండీ," అన్నాను. "అది బాగానే పనిచేస్తుండేది. తీసి పక్కన పెట్టారు."

ఆ మాట నా గొంతులో నాకే కొత్తగా వినిపించింది.

"అయితే కొత్తదానికి ఈ లైసెన్సు చెల్లదు మేడమ్."

"తెలుసు. పాత బోర్డే తిరిగి పెట్టుకుంటే?"

"అప్పుడు ఎప్పటిలాగే వాడుకోవచ్చు."

థాంక్స్ చెప్పి, ఫోను నుంచి చెవి తీసేశాను.

"పిచ్చా నీకు? ఒక్క ముక్క చెబితే అయిపోయేది," అన్నాడు క్రసిమిర్.

చేతులు కడుక్కుని, మిరపకాయల గిన్నె అతని ముందుకు జరిపాను.

"చల్లారిపోతే తొక్క రాదు, త్వరగా కానివ్వు," అని స్క్రూడ్రైవర్ అందుకున్నాను.