పెద్దమ్మాయి నడక

కథల టీచరు రోజూ పదింటికి మేడమీది గదిలో బల్ల ముందు కూర్చునేది. ఆమె ఒక మనిషి నడకను ఉన్నదున్నట్టు రాస్తే, ఆ నడక గల మనిషి ఎక్కడున్నా వచ్చి ఆ మేడమెట్లు ఎక్కాల్సిందే. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. కింద సైకిలు షాపాయన మాత్రం సణిగేవాడు.

"టీచరుగారూ, మీ కథలవాళ్లంతా వచ్చి నా బెంచీ మీదే కూలబడుతున్నారు. కాస్త నిలబడే ఓపికున్నవాళ్లని రాయండి!"

ఒక ఉదయం లేత్ మిషను మీద ఇనుము చెక్కే మేస్త్రీ, భార్యతో కలిసి వచ్చాడు. వాళ్ల పెద్దమ్మాయి ఇల్లు వదిలి నలభై రోజులైంది.

"రాయండమ్మా. తెల్లగా, సన్నగా ఉంటుంది. పొడుగు జడ."

టీచరు అంతే రాసింది. సాయంత్రానికి మెట్ల మీద ముగ్గురమ్మాయిలు నిలబడ్డారు, తెల్లగా, సన్నగా, పొడుగు జడలతో. ముగ్గురూ ఎవరింటి పిల్లలో. టీచరు క్షమించమని చెప్పి వాళ్లను బస్సెక్కించింది.

మర్నాడు భార్యతో మళ్లీ వచ్చిన మేస్త్రీని అడిగింది. "రంగూ జడా చెబితే మనిషి కాదయ్యా. మెట్టు దిగేటప్పుడు ముందు ఏ కాలు వేస్తుంది?"

మేస్త్రీ ఇనుప కడ్డీలో వెంట్రుకవాసి వంకరను వేలితో తడిమి చెప్పగల మనిషి. ఇరవై ఏళ్లు కళ్లముందు తిరిగిన బిడ్డ గురించి ఆ ఒక్క మాట చెప్పలేకపోయాడు. చూడనివాడికి కళ్లున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"నువ్వు చెప్పవే," అన్నాడు భార్యతో.

"మీరెప్పుడైనా తలెత్తి చూస్తే కదా! ఎడమ కాలమ్మా. కుడి భుజం కాస్త వాలి ఉంటుంది, చిన్నప్పటినుంచీ నీళ్ల బకెట్లు మోసి. నవ్వొస్తే మోచెయ్యి అడ్డం పెట్టుకుంటుంది."

"ఇంకా?"

ఆమె భర్త వైపు చూసింది.

"చెప్పు," అన్నాడు.

"ఈయన వస్తే గుమ్మంలో పక్కకు తిరిగి గోడకు అంటుకుపోతుంది. మెడ లోపలికి లాక్కుని. కొడతారేమోనని."

"నేను చెయ్యెత్తి పదేళ్లయింది!"

"ఆ సంగతి దాని మెడకు ఎవరూ చెప్పలేదు."

మేస్త్రీ టీచరు వైపు తిరిగాడు. "అది తీసేసి రాయండమ్మా."

"తీసేస్తే మళ్లీ ఎవరో వస్తారు. ఉంచితే మీ అమ్మాయే వస్తుంది, అలాగే మెడ లాక్కుని. ఆమెకు లేని నడక రాస్తే, అది ఆమెకు అబ్బుతుంది కానీ, ఆమె ఇటు రాదు. ఇక ఎన్నిసార్లు రాసినా రాదు."

మేస్త్రీ లేచి గుమ్మంలోకి వెళ్లాడు. పక్కకు తిరిగి, గోడకు వీపు ఆనించి, మెడ లోపలికి లాక్కున్నాడు. అలా కాసేపు నిలబడ్డాడు.

"ఇలా ఊపిరాడదే," అన్నాడు.

గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు.

"మెడ నిటారుగా పెట్టి నడిచిందని రాయండి. ఎటు వెళితే అటు."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వద్దనలేదు. "భుజాలు రెండూ సమంగా రాయండమ్మా," అని మాత్రం అంది.

టీచరు రాసింది.

ఎక్కడో దూరాన ఒక ఊళ్లో, ఉతికిన దుప్పట్లు ఆరవేస్తున్న పెద్దమ్మాయి మీదికి యజమాని అరుచుకుంటూ వచ్చాడు. ఆమె కదల్లేదు. తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"మెల్లగా చెప్పండి. వినబడుతుంది."