చెల్లెమ్మకొండ కడవ

ఆ కడవ నాది. ముందే చెప్తున్నాను, తర్వాత నన్నడిగి లాభం లేదు. మా ఇంటికి పెద్దకోడల్ని నేను. మా అత్త గంగాదేవి తర్వాత ఆ కడవ ఎత్తుకుని చెల్లెమ్మకొండ ఎక్కాల్సింది నేనే. బాపట్ల కింద సముద్రపొడ్డున మా పల్లె మొత్తానికి తెలుసు ఆ సంగతి. తెలియనట్టు నటించింది మా అత్త ఒక్కతే.

కొండ సంగతి తెలియనివాళ్ళుంటే వినండి. తెనాలిలో రైలు దిగి వడ్లమూడి వైపు బస్సెక్కితే వరిచేల మధ్య ఒంటికొండ కనపడుతుంది. పైన పాతకాలపు రాతిగుడి. ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. చోళరాజులని ఒకరంటారు, రెడ్డిరాజులని ఒకరంటారు, రాత్రికి రాత్రి రాక్షసులు కట్టి కోడి కూయగానే పారిపోయారని ఇంకొకరంటారు. లోపలున్న తల్లి చెల్లెమ్మ. సముద్రంలో ఉండే మా గంగమ్మకి సొంత చెల్లెలు. తండ్రి పంపకాలు పెట్టిన రోజున గంగమ్మ ముందుగా వచ్చి సముద్రం మొత్తం తీసేసుకుందట. చెల్లెమ్మ తల దువ్వుకుంటూ ఆలస్యం చేసింది. వచ్చి చూసేసరికి ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. ఇక అక్క మొహం చూడనని ఒట్టు పెట్టుకుని నడిచింది. దారిలో రైతులు వరిచేలు ఇస్తామన్నా, సాలెవాళ్ళు పట్టుచీర పెడతామన్నా ఆగలేదు. పోయి పోయి ఆ కొండెక్కి, సముద్రానికి వీపు తిప్పి కూర్చుంది. ఇప్పటికీ అలాగే కూర్చుని ఉంది. కొండ కింద ఊళ్ళో ఉప్పుని ఉప్పనరు, తెల్లది అంటారు. ఆ మాట చెవిన పడితే తల్లికి సముద్రం గుర్తొచ్చి మళ్ళీ అలుగుతుందని వాళ్ళ భయం.

గంగమ్మ కూడా ఊరుకోలేదు. చెల్లెలి వాటా చెల్లెలికి ఏటా పంపుతూనే ఉంది. మాఘ పౌర్ణమి తెల్లారుజామున మా ఇంటి ఆడది సముద్రంలో కడవ ముంచి, దారిలో ఎక్కడా నేలమీద దించకుండా తీసుకెళ్ళి, చెల్లెమ్మ మీద పొయ్యాలి. గర్భగుడిలోకి కడవ మోసే మనిషి, పూజారి తప్ప ఇంకెవరూ పోకూడదు. ఒకసారి పోసిన మనిషే ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ పొయ్యాలి. మా పల్లెలో పెళ్ళి మాటలైనా, వలల తగాదాలైనా, కడవ మోసే ఆడదాని మాట వినకుండా పెద్దలు లేవరు. అదండీ దాని విలువ.

సునామీ వచ్చిన రోజున మా అత్త పరుగెత్తుతూ పడి మోకాలు పాడు చేసుకుంది. ఆ తర్వాత వచ్చిన మాఘమాసంలోనే, ఇక నావల్ల కాదు, కొండ మీద అప్పజెప్తాను, కోడళ్ళిద్దరూ రండి అంది. ఇద్దరెందుకు? ఒక కడవకి ఇద్దరు ఆడాళ్ళెందుకు? అక్కడే నాకు తేడా కొట్టింది.

రెండోది ఝాన్సీలక్ష్మి. మా మరిది నాగార్జున పెళ్ళాం, రేపల్లె పిల్ల. ఇంటర్ చదివింది. వాళ్ళ నాన్నది కూడా చేపల వ్యాపారమేగానీ పిల్లకి చేప వాసన తగలకుండా పెంచాడు. కాపురానికొచ్చి రెండేళ్ళు కాలేదు, మా అత్తని కొంగున కట్టేసుకుంది. పొద్దున్నే "అత్తయ్యా, కాఫీ తాగారా" అంటుంది. ఆ గొంతు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా అత్త దానికి తలదువ్వి కనకాంబరాలు పెట్టేది. వంజరం వండిన రోజున నడిముక్క దాని కంచంలో పడేది. నా కంచంలో తోక. తోక తింటే చచ్చిపోతామా అంటే చావం. కానీ ఎందుకు తోక? ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు.

నేనేం తక్కువ చేశానో మీరే చెప్పండి. తెల్లారకముందే గంపతో రైలెక్కి తెనాలి పోయి అమ్ముకొస్తాను. మార్కెట్లో నేను కూర్చునేది మా అత్త కూర్చున్న చోటే. నా పెళ్ళైన కొత్తలో ఆవిడే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. నాకు నోరుంది, కత్తి మీద చెయ్యి ఆడుతుంది. చూస్తుండగానే బేరాలన్నీ నా గంప దగ్గరికి వచ్చేశాయి. ఆ తర్వాత ఆవిడ రావటం మానేసింది. ఇల్లు గడిచేది నా గంప మీద. వేట లేని రోజుల్లో మా ఆయన గంగరాజు కూడా నా మొహమే చూస్తాడు. అలాంటి నన్ను మా అత్త పనున్నప్పుడు తప్ప పిలవదు. పిలిచినా "ఏమే" అనే పిలుపు. ఝాన్సీని మాత్రం "అమ్మడూ" అంటుంది. ఆ అమ్మడు అన్న మాటకి నా కడుపు ఎన్నిసార్లు మండిందో గంగమ్మకే తెలియాలి.

కడవ కూడా అమ్మడికే ఇస్తుందని నాకు ఖాయమైపోయింది. ఇద్దర్నీ రమ్మన్నది నా కళ్ళెదురుగా దాని నెత్తిన పెట్టటానికే అనుకున్నాను. చూద్దాం, ఎలా పెడుతుందో చూద్దాం అని నేనూ తయారయ్యాను. పెళ్ళినాటి చీర కట్టుకున్నాను. ఝాన్సీ కొత్త చీరాల చీర కట్టుకొచ్చింది. మా అత్త దాన్ని చూసి నవ్వింది. నన్ను చూసి, ఆ చీర ఇంకా ఉందా అంది.

పౌర్ణమి స్నానాలకి జనం కిటకిటలాడుతున్న ఒడ్డున మా అత్త కుంటుకుంటూ నీళ్ళలోకి దిగి కడవ ముంచింది. మూతికి గుడ్డ కట్టింది. రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఝాన్సీ పక్కన చేరి విసురుతోంది. మాఘమాసపు పొద్దున విసనకర్ర ఎందుకో నాకర్థం కాలేదు. నేను ఎదురుగా నిలబడ్డాను. పెట్టెలో సగం మంది నాకు తెలిసినవాళ్ళే. తిరుపతమ్మా, ఇవాళ గంప లేదేంటని అడిగేవాళ్ళు, రేపు రొయ్యలు తెస్తావా అనేవాళ్ళు. తెనాలి స్టేషన్లో దిగగానే మున్నీసా ఎదురైంది. మా అత్త కాలం నుంచీ మా దగ్గరే చేపలు కొనే మనిషి. నా చెయ్యి పట్టుకుని, నువ్వు రాని రోజున మా ఇంట్లో కూర సయించదు తిరుపతమ్మా అంది. పక్కనున్న మా అత్తని చూసి, ఈవిడ మీ అత్తగారు కదూ, చిక్కిపోయింది పాపం అంది. మా అత్త కడవ గుండెకి అదుముకుని ముందుకు నడిచింది. నాకు ఝాన్సీ ఏం చేస్తోందన్నదే ధ్యాస. అది మా అత్త మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నంగనాచి.

కొండ కింద బస్సు దిగాక మా అత్త మెట్లవైపు చూసి నిట్టూర్చింది. కడవ నా చేతికిచ్చి, పైదాకా నువ్వు పట్టు అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చుట్టకుదురు పెట్టుకుని కడవ నెత్తికెత్తుకున్నాను. ఝాన్సీ వైపు ఒక చూపు చూశాను, దానికి అందేలాగే చూశాను. మా అత్త దాని భుజం మీద చెయ్యేసి మెల్లగా ఎక్కింది. ఆ చెయ్యి చూసి మళ్ళీ మండింది. కడవ నా నెత్తి మీద ఉన్నా, ఆ చెయ్యి దాని భుజం మీదే ఉందే అని. పిచ్చిదాన్ని కదూ. ఉన్నదేదో ఉన్నట్టు చెప్తున్నాను.

గుడి ముందు మండపంలో పూజారి మా కోసమే ఎదురుచూస్తున్నాడు. మా అత్త స్తంభానికి చేరగిలబడి ఊపిరి తీసుకుంది. తర్వాత నా వైపు చేతులు చాపింది.

"ఏదీ, కడవ ఇటివ్వు."

నేను ఇవ్వలేదు. ఇక్కడ ఇచ్చానంటే అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అన్నేళ్ళుగా మింగిందంతా అక్కడే బయటపడింది. నేనేం తక్కువ చేశానని అడిగాను. నీ ఇల్లు నిలబెట్టింది నేను కాదా, ఇది విసనకర్ర ఊపటం తప్ప ఏం చేసిందని అడిగాను. తోకముక్కల సంగతి కూడా వదల్లేదు. పూజారి తల వంచుకున్నాడు. ఝాన్సీ మొహం ఎర్రబడింది. మా అత్త మాత్రం కోప్పడలేదు. అంతా విని, చాపిన చేతులు దించుకుంది.

"నీకేనే. పెద్దకోడలివి, నీకు కాక ఎవరికిస్తాను? ఇవ్వబోయే ముందు ఒక మాట చెప్పాలి. అది చెప్పటానికి నాకు నోరు రావట్లేదు."

అప్పుడు చెప్పింది గర్భగుడి సంగతి. మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది. లోపలికి పోయి ఊరికే కుమ్మరించి రావటం కాదు. పోసే ముందు తల్లి ఎదుట నిలబడి, తన కడుపులో ఎవరి మీద కుళ్ళుందో పైకి చెప్పాలి. పేరుతో చెప్పాలి. చెల్లెమ్మ కుళ్ళుకుని కొండెక్కిన తల్లి. ఆ బాధ ఎరిగిన ఆడదాని చేతి నీళ్ళే ఆవిడకి కావాలి. కుళ్ళు లేని మనిషి పోస్తే ముట్టదు. ఉట్టి పేరు చెప్పి పోస్తే ఆ ఏడు సముద్రం మా పడవల మీద కక్ష కడుతుంది. పూజారి వినేది కూడా అందుకే.

"మరి నువ్వు ఎవరి పేరు చెప్పేదానివి అత్తా?" అన్నాను.

"మొదట్లో మా తోడికోడలి పేరు. నువ్వొచ్చాక నీ పేరే. ఏటా నీ పేరే." ఆవిడ నా మొహం చూడలేదు. "పని నేర్పుదామని నిన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏడాది తిరక్కుండానే నా చోట నేనే పరాయిదాన్నయ్యాను. ఇందాక మున్నీసా నన్నెవరో అన్నట్టు చూసింది, చూశావుగా. కన్నకొడుకు కూడా ఏదన్నా అడగాలంటే నిన్నే అడుగుతాడు. నాకంటూ మిగిలింది ఈ కడవొక్కటే. ఇదీ నీ నెత్తినే పెట్టాలా అని ఏడుపొచ్చింది నాకు."

మరి ఝాన్సీ సంగతేంటని అడిగాను.

"అమ్మడి మీద నాకు కుళ్ళెందుకే? దానికేం వచ్చని? చేపకి పొలుసు తియ్యటం కూడా రాదు. దాన్ని ముద్దు చేస్తే నాకు పోయేదేముంది? ఇవాళ రమ్మన్నది కూడా మెట్లెక్కటానికి ఊతకే."

ఝాన్సీ అక్కడే ఉంది. చేతిలో కొబ్బరికాయ పట్టుకుని అన్నీ వింది. మా అత్త ఆ సంగతే మర్చిపోయింది. నాకూ పట్టలేదు, అబద్ధమెందుకు. నా ఒళ్ళు గాల్లో తేలుతోంది. నా మీద కుళ్ళా? మా అత్తకా? అన్నేళ్ళుగానా? తోకముక్క వెనక ఇంత సంగతి ఉందా? ఆ క్షణాన నడిముక్కలూ, కనకాంబరాలూ, అమ్మడూ అన్న పిలుపూ అన్నీ పిల్లలకిచ్చే పీచుమిఠాయిలా కనపడ్డాయి. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు కడవ ఎత్తుకుని గర్భగుడిలోకి పోయాను.

లోపల చీకటి. దీపం వెలుగులో నల్లరాతి తల్లి, ఉప్పునీళ్ళు కారి కారి పాదాల దగ్గర తెల్లటి చార కట్టింది. పూజారి కడవ మూతికున్న గుడ్డ విప్పాడు.

"చెప్పమ్మా."

ఝాన్సీ పేరు చెప్పబోయాను. నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. పాపం పిల్ల, దాని మీద నాకేం ఉంది? వెతుక్కున్నాను. నిజంగా లేదు. పొద్దున్నే కుతకుత ఉడికిన కడుపు ఇప్పుడు చల్లగా ఉంది. పక్కింటి కోటేశ్వరమ్మ కొత్త పడవ కొన్నప్పుడు కుళ్ళుకున్నాను కదా అని ఆ పేరు తలచుకున్నాను. అదీ పోయింది. మా అత్త నన్ను చూసి కుళ్ళుకుందంటే ఇక నేను ఎవర్ని చూసి కుళ్ళుకోవాలి? ఉట్టి పేరు ఏదో ఒకటి అనేద్దామంటే రేపు వేటకి పోయేది నా మొగుడే. పూజారి మళ్ళీ అడిగాడు. లేదండి, ఏమీ లేదండి అన్నాను. లేకపోతే పొయ్యకూడదమ్మా అన్నాడు ఆయన.

"నాకుందండి."

వెనక ఝాన్సీ. గడప అవతల నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. పూజారి చెయ్యూపితే లోపలికొచ్చి నా చేతుల్లోంచి కడవ అందుకుంది. నా చేతులు ఎందుకు వదిలాయో ఇప్పటికీ నాకు తెలీదు.

"మా అక్క తిరుపతమ్మ మీద తల్లీ," అంది. "ఇంటికి కావాల్సింది తను. నన్ను పిల్లిపిల్లని సాకినట్టు సాకుతున్నారు. తనని తిట్టుకుంటూ కూడా తననే పిలుస్తారు. నన్ను ముద్దు చేస్తారు, ఒక్క పనికీ పిలవరు. నేనుంటే ఎంత, లేకపోతే ఎంత? తనలా ఒక్కరోజు బతకాలని ఉంది నాకు."

పోసింది. ధార కట్టి, ఒక్క చుక్క పక్కకి పోకుండా, తల్లి నెత్తిమీద పోసింది. పూజారి గంట కొట్టాడు. బయటి నుంచి మా అత్త చేతులెత్తి మొక్కుతోంది. కడవ మోసే మనిషి ఎవరో తేలిపోయింది. రేపట్నుంచి మా పల్లెలో పెద్దలు ఎవరి మాట కోసం ఆగుతారో అర్థమైపోయింది. పూజారి కుంకుమ తీసి ఝాన్సీ నొసట దిద్దుతుంటే నా కడుపులో భగ్గుమంది. పొద్దుటి మంట దీని ముందు ఏపాటిది.

"పూజారిగారండి, ఇప్పుడుందండి," అన్నాను. "ఝాన్సీలక్ష్మి మీదండి. నిజంగా ఉందండి. తల్లి మీద ఒట్టు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"కడవ ఖాళీ అయిపోయింది కదమ్మా."