ఉష తరపు మనిషి

జగ్గమ్మని ఆ ఊళ్ళో ఎవరూ జగ్గమ్మ అనరు. రంగం మనిషి అంటారు. రంగూను కాదు మొర్రో, మాది మోల్మీను అని చెప్పీ చెప్పీ ఆవిడకే విసుగొచ్చి ఊరుకుంది. ఈ ఊరివాళ్ళకి బర్మా అంటే రంగమే. ఆవిడ ముత్తాత పడవెక్కింది ఈ ఒడ్డునే, మాట్లాడేది ఈ తెలుగే. అయినా మూడేళ్ళు గడిచాక కూడా పరాయి మనిషే. ఇంతకన్నా చోద్యం ఉంటుందా!

మోల్మీనులో ఆవిడ పంతులమ్మ. సైన్యం గద్దెనెక్కిన ఏడాది ఆడవాళ్ళని కూడగట్టి, వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి, కట్టి విడిచిన తమ లుంగీలు ఆరేయించింది. ఆడదాని గుడ్డ కింద నడిస్తే మగవాడి బలం పోతుందని ఆ దేశంలో నమ్మకం. తుపాకులు పట్టుకున్న సిపాయిలు ఆ తాళ్ళ దగ్గర నిలబడిపోయి, కర్రలతో గుడ్డలు లాగి పడేశాకే ముందుకు కదిలారు. ఆ తర్వాత తోటి ఆడవాళ్ళని ఒక్కొక్కరినే పట్టుకెళ్ళారు. తన వంతు వచ్చేలోగా జగ్గమ్మ సరిహద్దు ఏరు దాటి మిజోరం చేరి, రైళ్ళు మారి మారి ఇక్కడికొచ్చి పడింది. ఎండుచేపలు తిరగేస్తూ ఈ కథంతా ఆడవాళ్ళకి చెబితే కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మళ్ళీ ఆవిడ ఆ ఊసెత్తలేదు.

నీడ ఇచ్చింది అప్పలసూరి. తండ్రి చినతాతకి మునిమనవడు, వరసకి తమ్ముడు, అక్కని అప్పా అంటాడు. మంచివాడే, పాపం, కానీ భయస్తుడు.

"అప్పా, కూడెడతాను, పాక ఇస్తాను. నీ ఉద్దెమాలు మాత్రం ఇక్కడొద్దు. పోలీసోల్లొచ్చి నీ కాయితాలడిగితే నానేటి సెప్పాలి?" అని వచ్చిన రోజే అన్నాడు.

అందుకే నోరు కుట్టేసుకుంది. వేలమంది ముందు గొంతెత్తిన మనిషి ఇప్పుడు రోజంతా కాకుల్ని అదిలించడానికి తప్ప గొంతు విప్పదు. తన భాషే చుట్టూ వినబడుతూ, తనతో మాత్రం ఎవరూ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో ఆవిడనే అడగాలి.

మాట్లాడేది ఒక్క ఉష. నరేష్ పెళ్ళాం. నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని మధ్యాహ్నం పూట పాకలోకి వచ్చి కూర్చునేది. తాగొచ్చి కొడతాడు మొగుడు. మొన్న చెయ్యి విరిచాడు. ఇక ఆ ఇంట్లో ఉండనంది ఉష. పొమ్మన్నాడు వాడు, పిల్లగుంటని మాత్రం ఇవ్వనన్నాడు. తగువు ఊరి పెద్దల దగ్గరికెళ్ళింది.

పెద్దలు తేల్చకముందు స్టేషను గడప ఎక్కితే ఇల్లంతా వెలి. సరే, పెద్దల దగ్గరైనా గోడు చెప్పుకుందామంటే అక్కడ ఆడది నోరు విప్పకూడదు. ఆమె మాట పుట్టింటి మగవాడు చెప్పాలి. ఉషకి తల్లీ తండ్రీ లేరు. ఉన్న ఒక్క అన్న నవీన్ గుజరాత్‌లో వీరావల్ బోటు మీద వేటకెళ్ళాడు. ఇక్కడివాళ్ళు గంగ అనే ఆ నడిసముద్రంలో వాడి ఫోను మోగదు.

ఆదివారం పొద్దున్న రామమందిరం ముందు మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడ వెనక నిలబడ్డారు. ఉష కూతుర్ని గట్టిగా పొదువుకుని నేలకేసి చూస్తోంది. ఊరి పెద్ద రాముడు గొంతు సవరించుకున్నాడు.

"ఉష తరపున పుట్టింటోల్లు ఎవులున్నారు?"

నరేష్ మీసాల చాటున నవ్వుకున్నాడు.

"ఎవులూ నేరు గదా. అయితే గుంట తండ్రి కాడే ఉంటాది. అంతే," అని తేల్చేశాడు రాముడు.

జగ్గమ్మకి ఒళ్ళు మండిపోయింది. భయమూ వేసింది, లేదనడం ఎందుకు. అయినా గోడ దాటి ముందుకొచ్చింది.

"నానున్నాను."

"కూకో అప్పా!" అప్పలసూరి ఒక్క ఉరుకున లేచాడు. "ఒక్క మాట మాటాడినావంటే మరి నా గుమ్మం తొక్కకు."

"నీకే ఊరు నేదు, నువ్వు దానికి పుట్టిల్లేటి?" అన్నాడు నరేష్. మగవాళ్ళందరూ గొల్లుమన్నారు.

ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. ఏడుపొచ్చింది కూడా. మింగేసింది.

"నాకు ఊరు నేదు. నిజమే. ఉషకి అన్నున్నాడు. ఆడు గంగ మీదున్నాడు. గంగ మీదున్నోడి ఇంటి తగువు ఆడు ఒడ్డుకొచ్చీదాకా తెంచకూడదు. మా నాయనమ్మ సెప్పీది. ఈ కట్టుబాటు మీదే. మీ ఊరోల్లే పడవలో ఏసుకుని మా దేశం పట్టుకొచ్చినారు. అక్కడింకా ఉన్నాది. ఇక్కడెప్పుడు పోయింది?"

"అలాటిదేటీ నేదు," అన్నాడు రాముడు. గొంతులో మునుపటి బిగువు లేదు.

"ఎందుకు నేదురా!" గోడ వెనక నుంచి ముసలిగొంతు ఒకటి లేచింది. రాముడి తల్లి బుల్లమ్మ. "మీ తాత ఏటకెల్నప్పుడు మన పొలం గట్టు తగువు ఆపినారు. గంగమ్మ ఆన. మీ నాన్న మరిసిపోనాడు, నువ్వూ మరిసిపోనావు."

తల్లిని నోరు మూసుకోమనే ధైర్యం ఏ పెద్దకుంటుంది? పైగా గంగమ్మ ఆన. అక్కడున్న ప్రతివాడికీ రేపు సముద్రం మీద పని ఉంది. రాముడు గెడ్డం గోక్కుని, నవీన్ వచ్చేదాకా తీర్పు ఆగుతుందనీ, అందాకా గుంట తల్లి దగ్గరే ఉంటుందనీ, ఇద్దరూ బుల్లమ్మ పంచన ఉంటారనీ చెప్పాడు. నరేష్ తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

జగ్గమ్మ పాకకి వచ్చేసరికి ఆవిడ సంచి బయట ఇసకలో ఉంది. అప్పలసూరి తన ఇంటి తలుపు వేసుకున్నాడు. లోపల అతను ఏడుస్తున్నట్టు వినబడింది. ఆవిడ తలుపు తట్టలేదు.

సంచి భుజాన వేసుకుని బుల్లమ్మ ఇంటికెళ్ళింది. ఉండమంటారేమోనని ఆశ. ఎందుకు దాచాలి, ఆ ఆశతోనే వెళ్ళింది. అరుగు మీద ఉష ఫోను పట్టుకుని ఉంది. బోటు ఒడ్డుకొచ్చి సంగతి తెలిసినట్టుంది, నవీన్ వీధిలోకి వినబడేంతగా అరుస్తున్నాడు.

"మనింటి పరువు తీడానికి ఆ దేశంగాని దేశం దానికేటి హక్కే? నువ్వడిగినావా దాన్ని?"

ఉష జగ్గమ్మ వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. అన్న వస్తేనే కూతురు దక్కుతుంది. అన్నకి కోపం వస్తే ఇక ఎవరూ లేరు.

"నేదన్నా. నానడగనేదు. ఆవిడే లెగిసింది," అంది.

అబద్ధం కాదు. నిజంగానే అడగలేదు. అయినా జగ్గమ్మకి ఇంత చేస్తే ఇదా అని అరవాలనిపించింది. కానీ ఉష చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. తల ఊపి, సంచి సర్దుకుని, నరసన్నపేట ఆటోలు ఆగే రోడ్డుకేసి తిరిగింది.

బుల్లమ్మ లోపలి నుంచి చూసింది. పిలవలేదు.

గుంట మాత్రం అరుగు దిగి వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"రంగం అమ్మమ్మా, ఎక్కడికెల్తన్నావు?"

జగ్గమ్మ వంగి దాని జుట్టు సర్దింది.

"మా పుట్టింటికి."

పుట్టింటికి అంటే మంచి చోటికే కాబోలనుకుని, ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి ఊపింది.