తిప్పి పంపిన నాణెం

కొలతమ్మకు ముక్కు మీద కోపం, చేతిలో పనితనం రెండూ పుట్టుకతో వచ్చాయి. పాదం ఒకసారి చూస్తే చాలు, టేపు తియ్యకుండానే బూటు కొలత చెప్పేస్తుంది. అందుకే ఆ పేరు. అయితే ఇన్నేళ్లూ ఆమె కుట్టిన బూట్ల అడుగున పడింది మాత్రం దళారీ ముద్రే. పై దేశాల డబ్బు రావాలంటే నాలుగు బ్యాంకులు దాటాలి, తలా ఇంత కోసుకుంటాయి, వారాలు నానబెడతాయి, ఆ తలనొప్పంతా నాది కాబట్టి ముద్రా నాదే అనేవాడతను.

ఈసారి కోడలు నటుల బూట్ల ఆర్డరు కోసం సముద్రం అవతలి నాటక కంపెనీ ఒకదాన్ని నేరుగా పట్టింది. డబ్బు స్టేబుల్‌కాయిన్లలో ఫోన్‌లోకే వస్తుందంది. డాలరుకు కట్టేసిన నాణెమట, పెరగదు, తరగదు.

"మనుషుల్లో కరువైన నిలకడ నాణేనికి వచ్చిందన్నమాట," అంది కొలతమ్మ. పంతం పట్టి దాన్ని పంపడం కూడా నేర్చుకుంది.

సగం డబ్బు ముందుగా వస్తే తోలు కొని పని మొదలుపెట్టవచ్చు. రాకపోతే మళ్లీ దళారీ గడపే గతి. ఆ దళారీ ఆవాళ పొద్దున్నే వచ్చి స్టూలు మీద బైఠాయించాడు. సాయంత్రంలోగా తన ఆర్డరు ఒప్పుకోకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. కోడలు దారం కోసం బజారుకు వెళ్లిన సమయంలో ఫోన్ మోగింది. చూస్తే వచ్చింది ఒకే ఒక్క నాణెం.

దళారీ పకపకా నవ్వాడు. కొలతమ్మకు ఒళ్లు మండింది. దాన్ని వచ్చిన చోటికే తిప్పి పంపేసి, బిచ్చం మాకొద్దు, పనికి తగ్గ డబ్బయితే పంపండని ఒక ముక్క కూడా రాసి పడేసింది.

కోడలు వచ్చి విని నెత్తి పట్టుకుంది.

"అది పరీక్ష, అత్తయ్యా. ఈ నాణెం తప్పుడు చోటికి పోతే ఏ బ్యాంకూ వెనక్కి తెచ్చివ్వదు. అందుకే ముందు ఒకటి పంపి, చేరిందో లేదో చూసి, ఆ తర్వాత మిగతాది పంపుతారు."

కొలతమ్మ చేజేతులా చెడగొట్టుకున్నానని లోలోపల కుమిలిపోయింది. దళారీ తన ఆర్డరు కాగితం ముందుకు తోశాడు. ఆమె దానికోసం చెయ్యి చాపబోతుండగా ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి కోడలు చదివి వినిపించింది.

"పరీక్ష నాణేన్ని తిప్పి పంపినవాళ్లను ఇంతవరకూ చూడలేదు. ఒక్కటి కూడా ఉంచుకోని మీకు సగం ఆపి ఉంచడం దేనికి? మొత్తం పంపుతున్నాం."

చదవడం పూర్తయ్యేసరికి మొత్తం వచ్చి పడింది. బ్యాంకుల కోత లేదు, దారిలో ఖర్చయింది చిల్లరే.

కొలతమ్మ కోడలి వంక చూసింది. ఇంత పిల్ల ఇంత దూరం తీసుకొచ్చిందని గుండె నిండిపోయింది. తర్వాత లేచి, బూట్ల అడుగున వేసే దళారీ ఇత్తడి ముద్రను అలమరలోంచి తీసి, కొంగుతో శుభ్రంగా తుడిచి అతని చేతిలో పెట్టింది.

"ఇదీ మాది కాదండీ. తీసుకెళ్లండి."