పాట కింద పోయిన మాట

మా ఆయన హార్మోనియంలు బాగుచేస్తారు. చేసేవారు అనాలి, నా నోటికి అది ఇంకా అలవాటు కాలేదు.

ఇంటి ముందుగదే దుకాణం. బల్ల మీద విప్పిన పెట్టెలు, గోడకు వేలాడే తోలు ముక్కలు, డబ్బాల నిండా స్వరం పలికే ఇత్తడి రీడ్లు. ఒక కాలంలో అక్కడ ఈగలు తోలుకోవడం తప్ప పనుండేది కాదు. అప్పుడు మా అమ్మాయి, ఆకురాయితో రీడు గీకుతున్న వాళ్ళ నాన్న చేతులను ఫోన్లో వీడియో తీసి నెట్‌లో పెట్టింది. ఏం చూశారో ఏమో, జనం ఎగబడ్డారు. ఎక్కడెక్కడి నుంచో పెట్టెలు రావడం మొదలైంది. కాదనను, మా పొయ్యి వెలిగింది ఆ ఫోను పుణ్యమే.

అక్కడితో ఆగితే బాగుండేది. పొద్దున లేస్తే ఎంతమంది చూశారు, ఎవరేమన్నారు, ఏ పాట జోడిస్తే ఇంకా ఎక్కువమంది చూస్తారు, ఇదే గోల. "పని నేర్చుకోవే" అంటే, "ఇదీ పనేనమ్మా, ఇది లేకపోతే ఆ పని ఎక్కణ్ణుంచి వస్తుంది?" అనేది. నిజమే చెప్పింది, మాయదారి పిల్ల.

ఇంతలో ఆయనకు వినికిడి తగ్గడం మొదలైంది. మొదట్లో నేను పట్టించుకోలేదు. కూరగాయలు తెమ్మంటే ఊ కొట్టి అక్కడే కూర్చునేవారు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో" అని విసుక్కునేదాన్ని. చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపలి నరం పోతోందని, మిషను పెట్టినా కొన్నాళ్ళేనని చెప్పింది. ఆ సామెత మళ్ళీ నా నోట రాలేదు.

ఇంటికి రాగానే ఆయన మంచినీళ్ళైనా తాగకుండా కూతుర్ని పిలిచారు.

"అమ్మడూ, వచ్చి నా పక్కన కూర్చో. గీకడం ఎవరైనా నేర్పుతారు. వినడం నేనే నేర్పాలి. ఇంకా కొంచెం వినిపిస్తోంది నాకు."

"ఫోన్లో శ్రుతి చూపించే సూది ఉంది కదా నాన్నా?"

"ఒక్కో రీడు సరిగ్గా ఉందో లేదో సూది చెప్తుంది తల్లీ. కానీ మెట్టు నొక్కితే రెండు రీడ్లు కలిసి పలుకుతాయి. వాటికి పొత్తు కుదిరిందో లేదో చెవే చెప్పాలి. మొగుడూ పెళ్ళాం అనుకో. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్ళే."

"మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

కూర్చుంది. కూర్చోలేదని అనను. కాకపోతే ఫోను స్టాండుకు బిగించి మరీ కూర్చుంది. ఆయన మెట్టు నొక్కి, "విన్నావా, రెండూ కలవక మోత ఊగుతోంది. ఇప్పుడు రీడు మొదలు దగ్గర కాస్త గీకాను. ఊగడం ఆగిందా?" అనేవారు. అది "ఆఁ" అనేది. కళ్ళు మాత్రం ఫోను మీదే. ఎవరో కస్టమరు మెసేజి పెడితే లేచిపోయేది. "అంతా రికార్డయింది నాన్నా, తర్వాత తీరిగ్గా వింటాను."

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలే" అని మొత్తుకున్నాను.

"ఈ ఒక్క ఆర్డరు పంపించేసి వస్తానమ్మా" అంది. ఆర్డర్లకు అంతెక్కడ?

అది లేచిపోయినా ఆయన ఆపేవారు కాదు. ఆ ఫోనుకే పాఠం చెప్పేవారు. రానురాను ఆ గొంతు పెద్దదయింది, తర్వాత అరుపయింది. ఒక ఉదయం మెట్టు నొక్కి, గాలి తిత్తి ఆడించి, మళ్ళీ నొక్కి, పెట్టెకు మూత వేసేశారు. అంతే. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను, ఆయనకు వినబడదు కదా.

మొన్న ఒక సంగీతం మాస్టారు పెట్టె తిరిగి తెచ్చారు. అమ్మాయి సూది చూసి శ్రుతి చేసిన పెట్టె అది. "తప్పేం లేదమ్మా. కానీ మీ నాన్నగారు చేస్తే కలిసి పలికేది. ఇందులో ఎవరి దారి వాళ్ళదే" అన్నారు నొప్పించకుండా.

మాస్టారు వెళ్ళాక అమ్మాయి ఫోను తీసి, నాన్న చెప్పిన పాఠాలు తెరిచింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. అన్నిట్లోనూ సినిమా పాటలే. ఎక్కువమంది చూడాలని, ఆయన మాట, రీడు పలుకు తీసేసి పాట వేసింది. "అసలువేవే?" అంటే, ఫోను నిండిపోతోందని ఎప్పటికప్పుడు చెరిపేశానంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. అది ఇంకా ఒక్కో వీడియో తెరిచి వెతుకుతూనే ఉంటే తిట్టలేకపోయాను.

అప్పుడే ఆయన లోపలి నుంచి వచ్చి, కూతురి భుజం మీదుగా చూశారు. తెర మీద ఆయన పెదాలు కదులుతున్నాయి, వేలు మెట్టు మీద ఉంది. ఏదో డాన్సు పాట ధనధనా మోగుతోంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదే, ఆ రోజు చెప్పింది ఇదే!" అన్నారు గది అదిరేలా. "చూడు, ఊగడం ఆగింది. వినిపించిందా?"

అమ్మాయి నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. అది ఆయనవైపు తిరిగి, వినిపించిందని తలూపింది.

"మంచిది తల్లీ. మళ్ళీ పెట్టు, ఇంకోసారి విను" అన్నారాయన, దాని పక్కనే బల్ల మీద కూర్చుంటూ.

అది మళ్ళీ పెట్టింది.