ఏడుపు బొమ్మ దగ్గర నీలం క్లిప్పు

నేను ఒక బట్టల క్లిప్పుని. రంగు నీలం, నడుములో ఇనుప స్ప్రింగు, నోట్లో ఒక పన్ను తక్కువ. పూర్వజన్మలో విరిగిన బకెట్‌నని ఫ్యాక్టరీలో అనుకోగా విన్నాను. సంతలో నన్ను కొన్నది నవనీత, గురుకులంలో తొమ్మిదో తరగతి. ఒకసారి గాలిదుమారం వచ్చినప్పుడు హాస్టల్ డాబా మీద ఆమె దుప్పటిని నేనే పట్టుకున్నాను. లేకపోతే అది కృష్ణానది దాటి కర్నూలులో దిగేది.

జ్వరం కొలవడానికి థర్మామీటరుంది. పిల్లల మనసు కొలవడానికి వచ్చిన ఇందుమతి మేడంకి మా క్లిప్పులమే దొరికాం. తరగతి గోడకు తాడు కట్టి, ఈ చివర నవ్వు బొమ్మ, ఆ చివర ఏడుపు బొమ్మ, మధ్యలో మరికొన్ని అట్టముఖాలు వేలాడదీశారు. రోజూ పొద్దున ఎవరి క్లిప్పు వాళ్లు తెచ్చి తమ మనసుకు తగిన బొమ్మ దగ్గర పెట్టాలి.

“దీనికి మార్కుల్లేవమ్మా” అన్నారు మేడం.

మార్కుల్లేని పని ఒకటుంటుందని ఎవరూ నమ్మలేదు. అందరూ ఫస్టు ర్యాంకు శివలీల వైపు చూశారు. ఆమె నవ్వు బొమ్మ దగ్గర పెట్టింది. తరగతి మొత్తం కాపీ కొట్టేసింది. లెక్కల్లో సున్నా వచ్చిన పిల్ల కూడా పరమానందంలో ఉంది. నవ్వు బొమ్మ దగ్గర మా తొక్కిసలాట ముందు జాతర దిగదుడుపే. భూమ్మీద అంత ఆనందంగా ఉన్న తరగతి మరొకటి లేదని తేలిపోయింది.

నాకు మాత్రం నవనీత వేళ్లు తెలుసు. కబడ్డీ జట్టులోంచి తీసేసినప్పటి నుంచి అవి చల్లగా ఉంటున్నాయి. డాబా మీద నాకు పని లేకుండా పోయింది. బట్టలన్నీ ట్రంకుపెట్టెలోకి చేరాయి. ఆదివారం నాన్న చూడటానికి వస్తే, చదువు మానేసి ఆయన వెంట వెళ్లిపోవాలని ఆమె ఆలోచన. ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున నన్ను నవ్వు బొమ్మ దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. తర్వాత తాడు వెంట నడిచి వెళ్లి ఏడుపు బొమ్మ దగ్గర పెట్టింది.

“ఏయ్ నవనీతా, తప్పు వెట్టినవే!” వెనక బెంచీ నుంచి కేక.

“తప్పేం లేదు. నాకిట్లనే ఉన్నది.”

గాలిదుమారాన్ని ఎదిరించిన నేను చెబుతున్నాను, అంత ధైర్యం నాకు లేదు.

శివలీల లేచి, తన క్లిప్పును నవ్వు బొమ్మ దగ్గర్నుంచి పీకి నా పక్కన పెట్టింది. “నాది సుత గిదే.”

“ఓయమ్మా, నువ్వు సుత ఏడుస్తవానే?”

“ర్యాంకు పోతదేమోనని దినాం ఏడుస్త.”

ఒక్కో క్లిప్పూ కదిలింది. కొన్ని మధ్య ముఖాల దగ్గర ఆగాయి. కొందరు మళ్లీ శివలీలనే కాపీ కొట్టారని నా అనుమానం. కన్నీళ్లు మాత్రం సొంతవే.

మేడం నేలమీద కూర్చుని, నవనీతను పక్కకు పిలిచారు. “చెప్పు బిడ్డా.” ట్రంకుపెట్టె సంగతితో సహా అంతా బయటికొచ్చింది.

ఆదివారం నాన్న వచ్చి, జొన్నరొట్టెలు ఇచ్చి, ఒక్కడే తిరిగి వెళ్లాడు. సాయంత్రం నవనీత పెట్టె ఖాళీ చేసి, ముడతలు పడ్డ బట్టలన్నీ ఉతికింది. ఇప్పుడు డాబా మీద ఆమె కబడ్డీ బనియన్‌ను పట్టుకుని ఉన్నాను. గాలి గట్టిగానే లాగుతోంది. లాగనీ.