రెఫరీ గారి శుభ్రం

ఊపిరి పరీక్షల గదిలో పనిచేసే అమ్మాయికి మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ ఉదయం ఆమె ఎదుట ఇద్దరు అన్నదమ్ములు కూర్చున్నారు. అన్న దర్జీ, తమ్ముడు ఫుట్‌బాల్ రెఫరీ. ఇద్దరిదీ ఊపిరితిత్తుల్లో పాతుకుపోయిన ఒకే జబ్బు, ఇద్దరికీ ఒకే పీల్చే మందు. అన్న తేరుకున్నాడు. తమ్ముడికి మాత్రం నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండు నెలల్లో ఊపిరి మెరుగుపడకపోతే రెఫరీల జాబితాలోంచి అతని పేరు తీసేస్తారు.

"మందు పీల్చమంటే వాసన చూసి వదిలేస్తాడమ్మా వీడు," అన్నాడు దర్జీ.

"నీ నోటికి కాస్త బొత్తాం పెట్టుకో అన్నయ్యా!"

అమ్మాయి పీల్చి చూపించమంది. రెఫరీ మందు పీల్చే తీరులో తప్పేమీ లేదు. గొట్టంలోకి ఊదిస్తే కిందటిసారి అంకే వచ్చింది.

డాక్టరమ్మ ఈ జబ్బువాళ్లందరినీ ఒకే గాటన కట్టడం మానేసింది. రక్తపరీక్ష, స్కానింగ్, కఫం చూసి గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు తగ్గ మందు ఆ గుంపుకు ఇస్తోంది. రెఫరీ రక్తపరీక్ష, స్కానింగ్ అటూ ఇటూ కాకుండా వచ్చాయి. ఫారంలో కఫం దగ్గర "లేదు" అని ఉంది. అందుకే అతనూ తన అన్న ఉన్న గుంపులోనే పడ్డాడు.

కానీ అమ్మాయి కిటికీలోంచి ప్రతిసారీ ఒకటి చూస్తోంది. చూసి ఊరుకోవడం ఆమెకు అలవాటు. ఈసారి ఊరుకోలేకపోయింది.

"బాబాయ్, లోపలికొచ్చే ముందు ఆ గోడ పక్కన చాలాసేపు దగ్గుతారెందుకు?"

రెఫరీ సిగ్గుపడ్డాడు. "డాక్టరమ్మ ముందు కఫం తీయడం ఏం మర్యాద తల్లీ? అంతా బయటే కానిచ్చి శుభ్రంగా వస్తా."

"ఎంత పడుతుంది?"

"పొద్దున్నే అయితే చిన్న గిన్నెడు."

"ఓరి నీ మర్యాద మండా!" అన్నాడు దర్జీ. "చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు, ఒళ్లు సర్దుకుని ఆసుపత్రికొస్తావట్రా!"

అమ్మాయి ఫారం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

డాక్టరమ్మ విని నాలుక కరుచుకుంది. "ఇప్పుడు కఫం పడుతోందా అని అడిగాం కానీ, పొద్దున సంగతి అడగలేదే!"

మర్నాడు రెఫరీని బయట దగ్గకుండా రమ్మన్నారు. కఫంలో క్రిములు దొరికాయి. గుంపు మారింది, మందు మారింది. కఫాన్ని బయటికి తెచ్చే ఊపిరి వ్యాయామాలు రెండుపూటలా చేయమన్నారు.

ఏడు వారాలకు గొట్టంలోకి ఊదితే అంకె పైకి లేచింది. ఎక్కువేం కాదు, జాబితాలో పేరు నిలవడానికి సరిపడా. రెఫరీ కాగితాన్ని రెండుసార్లు చదివి జాగ్రత్తగా మడిచాడు.

దర్జీ మాత్రం దిగాలుగా అన్నాడు: "అంతా బాగానే ఉంది గానీ తల్లీ, వీణ్ణి తిట్టడానికి నాకింకేం మిగిల్చావు?"